ముగింపు తెలిసినా ఆగని ఎదురుచూపు: రాబోయే ప్రేమ నవలల చుట్టూ జరిగేదేమిటి?

రొమాన్స్ నవల చివరికి ఏమవుతుందో పుస్తకం చేతికి రాకముందే పాఠకులకు తెలుసు. ఆ ఇద్దరూ కలుస్తారు. 1980లో ఏర్పడిన రొమాన్స్ రైటర్స్ ఆఫ్ అమెరికా సంఘం ఈ తరహా నవలకు పెట్టిన షరతులు రెండే. కథ ప్రేమ చుట్టూ తిరగాలి, ముగింపు తృప్తిగా, ఆశ కలిగించేలా ఉండాలి. రెండో షరతు తప్పిన పుస్తకం మంచి నవల కావచ్చు, గొప్ప విషాద ప్రేమకథ కూడా కావచ్చు, కానీ రొమాన్స్ పాఠకులు దాన్ని తమ జాబితాలో చేర్చుకోరు. ఇంత ఖాయమైన ముగింపు ఉన్న పుస్తకాల కోసం వాళ్లు నెలల తరబడి క్యాలెండర్ చూసుకుంటారు. తేదీ ప్రకటించిన రోజే ప్రీ-ఆర్డర్ పెడతారు. కవర్ బయటికొస్తే దాని గురించి గంటలు గంటలు మాట్లాడుకుంటారు. రచయిత్రి ఒక్క పేజీ ముందుగా చూపించినా అందులోని ప్రతి వాక్యాన్నీ పట్టి పట్టి చదువుతారు.

ముగింపు తెలియకపోవడం ఈ ఆత్రానికి కారణం కాదు కాబట్టి, కారణాన్ని మరోచోట వెతకాలి. రాబోయే నవల గురించి ముందుగా తెలిసేది చాలా తక్కువ. ఇద్దరు మనుషులు, వాళ్ల మధ్య ఒక అడ్డు, అంతే. ఒకే ఉద్యోగానికి పోటీ పడుతున్న ఇద్దరు. పదేళ్ల కిందట విడిపోయి మళ్లీ ఎదురుపడిన ఇద్దరు. అవసరం కోసం పెళ్లి చేసుకుని, ఆ తర్వాత ఒకరి మీద ఒకరు ఇష్టం పెంచుకుంటున్న ఇద్దరు. అడ్డు ఎంత గట్టిదైతే ఆసక్తి అంత పెరుగుతుంది. అది తొలగుతుందని తెలుసు గానీ ఎలా తొలగుతుందో ఊహకు అందదు. పగ ఉన్నచోట నమ్మకం ఏ క్షణంలో మొదలవుతుంది? మనసులో మాట ముందు ఎవరు బయటపెడతారు? తప్పు చేసినవాళ్లు క్షమాపణ అడిగితే అది ఆ గాయానికి సరిపోతుందా? ఎదురుచూపంతా ఈ ప్రశ్నల చుట్టూ తిరుగుతుంది. ముగింపు మీద భరోసా ఉంది కాబట్టే మధ్యలోని బాధను పాఠకులు ధైర్యంగా చదవగలుగుతారు.

దీని మీద మనస్తత్వ పరిశోధనలు కూడా జరిగాయి. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాన్ డియెగో శాఖలో ఇద్దరు పరిశోధకులు 2011లో ప్రచురించిన అధ్యయనంలో, చిన్న కథల ముగింపును కొందరికి ముందే చెప్పేసి చదివించారు. ముందే తెలిసినవాళ్లు కథను తక్కువగా ఇష్టపడతారని ఎవరైనా అనుకుంటారు. ఫలితం అందుకు భిన్నంగా వచ్చింది, వాళ్లే కాస్త ఎక్కువ ఇష్టపడ్డారు. 2015లో వేరే పరిశోధకులు చేసిన అధ్యయనంలో మాత్రం ముగింపు తెలిసిన కథలు పాఠకులను తక్కువగా కదిలించాయి. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే, ముందే తెలిసింది ఏమిటన్నదే అసలు విషయం అనిపిస్తుంది. ఇద్దరూ కలుస్తారని తెలియడం వేరు, రెండు వందల పేజీల దగ్గర బయటపడాల్సిన రహస్యం ఎవరో ముందే చెప్పేయడం వేరు. మొదటిది పాఠకులకు, రచయితకు మధ్య ఉన్న ఒప్పందం. రెండోది ఆ ప్రయాణాన్నే దొంగిలించడం. రొమాన్స్ పాఠకులు మొదటిదాన్ని కోరుకుంటారు, రెండోది చేసినవాళ్లను అస్సలు క్షమించరు.

ఎదురుచూపులో ఉన్న ఆనందం

ఎదురుచూడటం అంటే ఓపిక పట్టడం మాత్రమే అనుకుంటే అందులోని సగం విషయం చేజారిపోతుంది. 2010లో నెదర్లాండ్స్‌లో సెలవుల ప్రయాణాల మీద జరిగిన ఒక అధ్యయనంలో, టూర్‌కు వెళ్లబోతున్నవాళ్లు వెళ్లనివాళ్ల కంటే ముందు నుంచే ఎక్కువ ఆనందంగా కనిపించారు. తిరిగి వచ్చాక చాలామంది విషయంలో ఆ తేడా కనిపించలేదు. అంటే ఆ ప్రయాణం ఇచ్చిన సంతోషంలో పెద్ద వాటా బయలుదేరకముందే అందింది. 2014లో అమెరికాలో వచ్చిన మరో అధ్యయనం ఇంకొక మెట్టు పైకి వెళ్లింది. ఒక వస్తువు కోసం ఎదురుచూడటం కంటే ఒక అనుభవం కోసం ఎదురుచూడటమే మనుషులకు ఎక్కువ హాయిగా ఉంటుందని, వస్తువు కోసం పడిగాపులు కాసేటప్పుడు అసహనం ఎక్కువగా ఉంటుందని అది చెప్పింది.

పుస్తకం ఈ రెండు కోవల్లోకీ వస్తుంది. అట్ట, కాగితం, బరువు ఉన్న వస్తువు అది. చదవడం మొదలుపెట్టిన క్షణం నుంచి అనుభవం. కొత్త విడుదలల గురించి ఈమధ్య కనిపిస్తున్న సందడిలో మంచినీ చెడునూ వేరు చేసి చూడాలంటే ఈ తేడాను గుర్తుపెట్టుకోవాలి. కథ కోసం ఎదురుచూసే పాఠకులకు ఆ నెలలు వృథా కావు. పాత పుస్తకాలు మళ్లీ చదువుతారు, ఈసారి ఎవరి కథ రావచ్చో ఊహిస్తారు, తమలాంటివాళ్లతో వాదిస్తారు. పుస్తకం వచ్చేసరికి ఆ పాత్రలతో వాళ్ల పరిచయం ఇంకా గాఢమవుతుంది. వస్తువు కోసం ఎదురుచూసేవాళ్లకు మిగిలేది ఎక్కువగా టెన్షనే. స్టాక్ అయిపోతుందేమో, ఆ ప్రత్యేక ఎడిషన్ దొరకదేమో, డెలివరీ ఆలస్యమవుతుందేమో అన్న దిగులు వెంటాడుతుంది.

రచయిత పేరు తెలియకుండానే ఎదురుచూసిన రోజులు

ఈ వ్యవహారం నిన్న మొన్న మొదలైంది కాదు. 1813లో జేన్ ఆస్టెన్ రెండో నవల అచ్చయినప్పుడు ముఖపత్రం మీద ఆమె పేరు లేదు. మొదటి నవల పేరు వేసి, దాన్ని రాసినవారే ఇదీ రాశారని మాత్రం ఉంది. రచయిత ఎవరో తెలియకపోయినా ఆ చేతి నుంచి వచ్చే తర్వాతి పుస్తకం కావాలనుకునే పాఠకులు అప్పటికే ఉన్నారని ఆ ఒక్క పంక్తి చెబుతుంది. 1836లో డికెన్స్ మొదటి నవల నెలకొక భాగంగా రావడం మొదలై, తర్వాతి నెల కోసం కాచుకోవడాన్ని ఇంగ్లండ్‌లో పెద్ద ఎత్తున అలవాటు చేసింది. వారపత్రికల్లో సీరియళ్లు చదివిన తరానికి ఆ రుచి ఎలాంటిదో వేరే చెప్పనక్కర్లేదు.

ఇరవయ్యో శతాబ్దంలో రొమాన్స్ ప్రచురణ సంస్థలు ఎదురుచూపును ఒక పద్ధతిలో పెట్టాయి. 1908లో లండన్‌లో మొదలైన మిల్స్ అండ్ బూన్ మొదట్లో అన్ని రకాల పుస్తకాలూ వేసేది, క్రమంగా ప్రేమ నవలలకే పేరు పడింది. 1949లో కెనడాలోని విన్నిపెగ్‌లో పుట్టిన హార్లెక్విన్ దాన్ని 1971లో కొనేసింది. 2014లో హార్లెక్విన్ కూడా హార్పర్‌కాలిన్స్ చేతికి వెళ్లింది. ఈ సంస్థలు కనిపెట్టిన కిటుకు చాలా సులువైనది. ఒక్కో తరహా కథకు ఒక్కో వరుస పెట్టారు. ఆస్పత్రుల నేపథ్యం ఒక వరుస, చరిత్ర నేపథ్యం ఇంకొకటి, సంపన్నుల ప్రేమకథలు మరొకటి. ప్రతి వరుసలోనూ నెలనెలా ఇన్ని కొత్త పుస్తకాలు వస్తాయని లెక్క. నెల తిరిగేసరికి షాపుల్లో పాతవి పోయి కొత్తవి వచ్చేవి. పాఠకులు చాలాసార్లు రచయిత్రి పేరు చూసేవాళ్లు కూడా కాదు. వాళ్ల నమ్మకం ఆ వరుస మీద. ఏ పుస్తకం తీసుకున్నా తమకు కావలసిన భావోద్వేగం దొరుకుతుందన్న ధీమా అది.

సాహిత్య విమర్శకులు ఈ పుస్తకాలను చాలాకాలం మూసకథలని తీసిపారేశారు. అందులో అన్యాయం ఉంది. ఒకే చట్రంలో, సుమారు యాభై వేల పదాల్లో, ప్రతిసారీ పాఠకుల గుండె కొట్టుకునేలా రాయడానికి గట్టి పనితనం కావాలి. ఇప్పుడు పేరున్న జనరంజక రచయిత్రుల్లో కొందరు ఆ బడిలోనే రాయడం నేర్చుకున్నారు.

1970ల నుంచి పరిస్థితి మారింది. ఏ వరుసకూ చెందని, నేరుగా పేపర్‌బ్యాక్‌గా వచ్చే పెద్ద చారిత్రక ప్రేమ నవలలు లక్షల్లో అమ్ముడుపోయాయి. ఎదురుచూపు మెల్లగా వరుస మీద నుంచి రచయిత్రి పేరు మీదికి మళ్లింది. ఇప్పుడు కవర్ మీద పుస్తకం పేరు కంటే రచయిత్రి పేరే పెద్ద అక్షరాల్లో కనిపించడం వెనుక ఈ చరిత్ర ఉంది.

తేదీ వెనుక జరిగే పని

పెద్ద ప్రచురణ సంస్థ ద్వారా వచ్చే నవలకు ఒప్పందం కుదిరిన నాటి నుంచి విడుదల దాకా ఏడాది నుంచి రెండేళ్లు పట్టడం మామూలే. ఎడిటర్‌తో కలిసి తిరగరాయడం, భాష సరిదిద్దడం, కవర్, ఆడియో రికార్డింగ్, షాపులకు కేటలాగ్ పంపడం, సమీక్షకులకు ముందస్తు ప్రతులు ఇవ్వడం, ఇవన్నీ ఒకదాని వెంట ఒకటి జరగాలి. కేటలాగ్ నెలల ముందే వెళ్తుంది కాబట్టి, పాఠకులు తేదీ వినేసరికి తెర వెనుక పని చాలావరకు పూర్తయి ఉంటుంది. అమెరికాలో కొత్త పుస్తకాలు ఎక్కువగా మంగళవారం, బ్రిటన్‌లో గురువారం విడుదలవుతాయి. బాగా పేరున్న పుస్తకాలైతే తేదీకి ముందు పెట్టెలు విప్పకూడదని షాపులతో ఒప్పందం రాయించుకుంటారు.

ప్రీ-ఆర్డర్ పెట్టండని రచయితలు అంతగా ఎందుకు బతిమాలతారో ఇక్కడే తెలుస్తుంది. విడుదలకు ముందు నెలల్లో వచ్చిన ఆర్డర్లన్నీ బెస్ట్‌సెల్లర్ జాబితాల లెక్కలో సాధారణంగా మొదటి వారం అమ్మకాల్లో చేరతాయి. ఆరు నెలల్లో విడివిడిగా జరిగిన అమ్మకాలు జాబితాలో కనిపించకపోవచ్చు, అవే ఒక్క వారంలో కలిసొస్తే పుస్తకం పైకి ఎగబాకుతుంది. అంతకంటే ముఖ్యమైన సంగతి ఇంకొకటి ఉంది. ఎన్ని కాపీలు అచ్చువేయాలి, షాపులో ఎక్కడ పెట్టాలి, ప్రచారానికి ఎంత ఖర్చు చేయాలి అన్న నిర్ణయాలు విడుదలకు ముందే జరిగిపోతాయి. ఆ సమయంలో సంస్థ చేతిలో ఉన్న గట్టి ఆధారం ప్రీ-ఆర్డర్ల లెక్కే. ఆ రచయిత్రి తర్వాతి ఒప్పందం మీద కూడా దాని ప్రభావం ఉంటుంది.

ఎదురుచూపు బలం ఎంతో చూపడానికి 2025 జనవరి 21 ఒక్కటి చాలు. రెబెకా యారోస్ రాసిన డ్రాగన్ల ఫాంటసీ ప్రేమకథ సిరీస్‌లో మూడో నవల ‘ఆనిక్స్ స్టార్మ్’ ఆ మంగళవారం విడుదలైంది. మొదటి వారంలోనే 27 లక్షలకు పైగా ప్రతులు అమ్ముడుపోయాయి. పెద్దల కోసం రాసిన నవలల్లో గత ఇరవై ఏళ్లలో ఇంత వేగంగా అమ్ముడుపోయింది లేదని వార్తలొచ్చాయి. ఆ వారంలో కొన్నవాళ్లలో చాలామంది సమీక్షల కోసం ఆగినవాళ్లు కాదు. రెండో నవల 2023 నవంబర్‌లో ఆగినచోటు నుంచి ఏం జరుగుతుందో తెలుసుకోవాలన్న తపనే వాళ్లను షాపులకు నడిపించింది.

సొంతంగా ప్రచురించుకునేవాళ్ల లోకం వేరు. అమెజాన్ 2014 ఆగస్టులో ఈ-బుక్ రచయితలకు ప్రీ-ఆర్డర్ సౌకర్యం ఇచ్చినప్పుడు గడువు తొంభై రోజులే, తర్వాత అది ఏడాదికి పెరిగింది. చివరి ఫైల్ విడుదలకు మూడు రోజుల ముందే ఎక్కించాలి. మాట తప్పితే ఏడాది పాటు ఆ సౌకర్యం పోయే ప్రమాదం ఉంది. కాబట్టి సొంతంగా ప్రచురించుకునే రచయితలు ప్రకటించే తేదీ చాలాసార్లు ఇంకా రాస్తున్న పుస్తకానికి పెట్టుకున్న గడువు. ఆ తేదీ దగ్గరపడేకొద్దీ రాత్రింబవళ్లు రాసి పూర్తి చేసిన పుస్తకాల్లో చివరి వంద పేజీలు హడావిడిగా సాగడం పాఠకులు గమనిస్తూనే ఉన్నారు. రెండు నెలలు ఆలస్యంగా వచ్చిన మంచి ముగింపును వాళ్లు క్షమిస్తారు, తేదీకి వచ్చిన చప్పటి ముగింపును మాత్రం చాలాకాలం గుర్తుపెట్టుకుంటారు.

ఒకే జంటా, ఒక్కో పుస్తకానికి ఒక్కో జంటా?

సిరీస్ అన్న ఒకే పేరు కింద రెండు వేర్వేరు రకాల ఎదురుచూపులు ఉన్నాయి. రాబోయే పుస్తకం నచ్చుతుందో లేదో ముందుగా అంచనా వేయడానికి ఈ తేడా చాలా ఉపయోగపడుతుంది.

మొదటి రకంలో ఒక కుటుంబమో, ఒక స్నేహబృందమో, ఒక ఆటగాళ్ల జట్టో ఉంటుంది. ఒక్కో పుస్తకం ఒక్కొక్కరి ప్రేమకథ. ఆ కథ ఆ పుస్తకంలోనే ముగుస్తుంది. కానీ పక్కపాత్రగా వచ్చిన అన్నయ్యో, కోపిష్టి స్నేహితురాలో పాఠకుల మనసులో తిష్ఠ వేస్తారు. వాళ్ల పుస్తకం ఎప్పుడన్నది అక్కడి నుంచి ప్రశ్న. జూలియా క్విన్ 2000 నుంచి 2006 దాకా ఎనిమిది మంది తోబుట్టువులకు ఎనిమిది నవలలు రాసిన బ్రిడ్జర్టన్ సిరీస్ దీనికి చక్కని ఉదాహరణ. 2020 డిసెంబర్‌లో అది నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చాక ఎదురుచూపు మళ్లీ మొదటి నుంచి మొదలైంది. మూడో సీజన్‌కు వచ్చేసరికి వరుస మార్చి, పుస్తకాల్లో నాలుగోదైన కథను ముందుకు తెచ్చారు. నవలలు చదివినవాళ్లందరికీ ప్రతి జంట కథా తెలుసు. అయినా ఈసారి ఎవరి వంతు అన్న చర్చ నెలల తరబడి నడిచింది.

రెండో రకంలో ఒకే జంట మూడు, నాలుగు, ఐదు పుస్తకాలు దాటుకుంటూ నడుస్తుంది. ఫాంటసీ, ప్రేమ కలిసిన రొమాంటసీలో ఇదే ఎక్కువ. ఇక్కడ మొదటి పుస్తకం చివర శుభం ఉండదు. విరహమో, ద్రోహమో, చావుబతుకుల మధ్య ఆగిపోయిన ఒక సన్నివేశమో ఉంటుంది. సుఖాంతమన్న ఒప్పందం రద్దు కాలేదు, చివరి భాగానికి వాయిదా పడింది. ఆ వాయిదాతోనే ఎదురుచూపు స్వభావం మారిపోతుంది. మొదటి రకంలో పాఠకులు నిశ్చింతగా ఎదురుచూస్తారు. రెండో రకంలో గాయంతో ఎదురుచూస్తారు.

ఈ రెండో పద్ధతిలో గొప్ప పుస్తకాలు వచ్చాయి, ఇకపైనా వస్తాయి. ఒక ప్రేమ ఎదగడానికి, విరగడానికి, మళ్లీ అతుక్కోవడానికి వెయ్యి పేజీల చోటు దొరకడం చిన్న విషయం కాదు. అయితే ఒక పుస్తకానికి సరిపడే కథను రెండుగా చీల్చి, మొదటి భాగాన్ని ఉత్కంఠ దగ్గర కోసేయడం కూడా పెరిగింది. దీన్ని గుర్తుపట్టడం కష్టమేమీ కాదు. మంచి సిరీస్‌లో మొదటి భాగం ఒక ప్రశ్నకు జవాబిచ్చి, దానికంటే పెద్ద ప్రశ్నతో ఆగుతుంది. సాగదీసిన సిరీస్‌లో మొదటి భాగం ఏ ప్రశ్నకూ జవాబివ్వకుండానే ఆగుతుంది. సిరీస్ పూర్తయ్యాకే మొదలుపెడతామనే పాఠకులు అందుకే పెరుగుతున్నారు. వాళ్ల జాగ్రత్త అర్థం చేసుకోదగినదే, కానీ దానివల్ల నష్టమూ ఉంది. మొదటి భాగం సరిగ్గా అమ్ముడుపోకపోతే ప్రచురణకర్తలు మిగతా భాగాలను ఆపేసే అవకాశం ఉంటుంది. చివరిదాకా ఆగుదామనుకున్నవాళ్ల సంఖ్య మరీ పెరిగితే ఆ చివరి భాగమే రాకుండా పోవచ్చు.

ప్రకటనను చదవడం ఎలా?

రాబోయే నవల గురించి అధికారికంగా దొరికే సమాచారం అరపేజీకి మించదు. దాన్ని జాగ్రత్తగా చదివితే చాలా సంగతులు తెలుస్తాయి. ముందుగా చూడాల్సింది కథా పరిచయంలోని అడ్డు. శత్రువులు ప్రేమికులవుతారు, ఉత్తుత్తి ప్రేమ నిజమవుతుంది, ఒకే గదిలో ఉండాల్సి వస్తుంది లాంటి ట్రోప్‌లను, అంటే పదేపదే వచ్చే కథా సూత్రాలను, ఇప్పుడు ప్రకటనల్లో బాణాలు గీసి మరీ చూపిస్తున్నారు. నచ్చిన దినుసు ఉందని తెలియడం పాఠకులకు మేలే. కానీ ట్రోప్‌ల పేర్లు తప్ప మనుషుల గురించి ఒక్క వాక్యమూ లేని ప్రకటన కనిపిస్తే కాస్త ఆగడం మంచిది. వాళ్లిద్దరూ ఎందుకు శత్రువులయ్యారు? ఒకరి మీద ఒకరికి ఉన్న కోపం న్యాయమైనదేనా? పరిచయం రాసినవాళ్లు రెండు వాక్యాల్లో ఇది చెప్పగలిగారంటే పుస్తకంలో నిజమైన గొడవ ఉందన్నమాట. అపార్థం మీద మాత్రమే నిలబడ్డ కథలు ఒక్క ఫోన్ కాల్‌తో తేలిపోతాయి, మూడు వందల పేజీలు మోయలేవు.

కవర్ విషయంలో ఇంకాస్త జాగ్రత్త కావాలి. కొన్నేళ్లుగా రొమాన్స్ పుస్తకాలకు కళ్లకు కొట్టొచ్చే రంగుల్లో బొమ్మలు గీసిన కవర్లు వేయడం ఆనవాయితీ అయింది. చూడటానికి అన్నీ తేలికైన హాస్యకథల్లా కనిపిస్తాయి. లోపల మాత్రం ఒకటి నిజంగానే సరదా కథ, ఇంకొకటి తల్లిదండ్రుల మరణం చుట్టూ అల్లిన నవల, మరొకటి పూర్తిగా పెద్దల కోసం రాసిన శృంగార కథ కావచ్చు. అప్పుడే యవ్వనంలోకి వస్తున్న పిల్లలు కవర్ చూసి తీసుకునే అవకాశం ఉన్నచోట ఇది చిన్న విషయం కాదు. చాలామంది రచయితలు తమ వెబ్‌సైట్లలో, పుస్తకం మొదటి పేజీల్లో కంటెంట్ హెచ్చరికలు పెడుతున్నారు. కవర్ కంటే అవే నమ్మదగినవి.

“కొత్త విడుదల” అన్న మాట కూడా ఒక్కోసారి తప్పుదారి పట్టిస్తుంది. సొంతంగా ప్రచురించుకుని పాఠకాదరణ తెచ్చుకున్న నవలలను పెద్ద సంస్థలు తీసుకుని, కొత్త కవర్‌తో, అదనంగా ఒక అధ్యాయంతో మళ్లీ తెస్తున్నాయి. ఆ రచయిత్రులకు దక్కాల్సిన గుర్తింపు అలా దక్కుతోంది, సంతోషించాల్సిందే. పాఠకులు మాత్రం కాపీరైట్ పేజీలోని సంవత్సరాన్ని ఒకసారి చూసుకుంటే, అప్పటికే ఈ-బుక్‌గా చదివేసిన కథను కొత్త పేరుతో మళ్లీ కొనాల్సిన పని తప్పుతుంది.

అంచులకు రంగులు, లోపల కథ

వస్తువుకూ అనుభవానికీ మధ్య ఉన్న తేడా ఎక్కువగా కనిపించేది ప్రత్యేక ఎడిషన్ల దగ్గర. పేజీల అంచులకు రంగులు, బొమ్మలు, అట్టమీద బంగారు పూత, మొదటి ముద్రణకు మాత్రమే అని షరతు. పుస్తకాన్ని అందంగా తయారుచేయడం గౌరవించాల్సిన కళ. నచ్చిన కథను నచ్చిన రూపంలో దాచుకోవాలనుకోవడంలో తప్పేమీ లేదు. ఈ-బుక్కులు వచ్చాక అచ్చు పుస్తకం పని అయిపోయిందన్నవాళ్లకు ఈ ఎడిషన్లు గట్టి జవాబు కూడా.

చిక్కు ఎక్కడంటే, ఈ హంగు ఇప్పుడు కథ నచ్చిన తర్వాత కాకుండా ముందే వస్తోంది. ఎవరూ చదవని పుస్తకానికి, కొన్నిసార్లు మొదటి నవల రాస్తున్న రచయిత్రి పుస్తకానికి, పరిమిత ఎడిషన్ అంటూ తొందరపెడుతున్నారు. దొరకదేమోనన్న భయంతో కొన్న పుస్తకం చాలాసార్లు అల్మరాలోనే ఉండిపోతుంది. ఒక రచయిత్రికి దీనివల్ల మొదటి వారం అమ్మకాలు దక్కవచ్చు గానీ, రెండో పుస్తకం కోసం అడిగే పాఠకులు దక్కరు. జనరంజక నవల ఎప్పుడూ చేతులు మారుతూ, మాట మీద మాటగా పెరిగింది. కొలీన్ హూవర్ 2016లో రాసిన ‘ఇట్ ఎండ్స్ విత్ అజ్’ అసలైన సంచలనం కావడానికి ఐదేళ్లు పట్టింది. టిక్‌టాక్‌లో సాధారణ పాఠకులు కన్నీళ్లు పెట్టుకుంటూ దాని గురించి మాట్లాడాకే అది జాబితాల పైకి చేరింది. విడుదల రోజు దానికి ఏ రంగు అంచులూ లేవు.

చదవకముందే తీర్పులు

ముందస్తు ప్రతులు చదివినవాళ్ల సమీక్షలు విడుదలకు నెలల ముందే కనిపిస్తాయి. వాటిని చదివేటప్పుడు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. ఆ ప్రతిని అడిగి తెచ్చుకున్నవాళ్లలో ఎక్కువమంది అప్పటికే ఆ రచయిత్రి అభిమానులు. తొలి సగటు రేటింగ్ అందుకే ఎక్కువగా ఉంటుంది, విడుదలయ్యాక కాస్త దిగుతుంది. నక్షత్రాల కంటే సమీక్షలోని మాటలు ఉపయోగపడతాయి. “మొదటి సగం నెమ్మదిగా సాగింది, కానీ క్షమాపణ సన్నివేశం కోసం భరించాను” అని ఎవరైనా రాస్తే, చదివినవాళ్లే రాశారని తెలిసిపోతుంది.

దీనికి అవతలి కొస కూడా ఉంది. పాఠకులు పుస్తకాలకు సమీక్షలు రాసే గుడ్‌రీడ్స్ లాంటి వెబ్‌సైట్లలో పుస్తకం ఎవరి చేతికీ రాకముందే రేటింగ్ ఇవ్వడానికి వీలుంది. 2023 జూన్‌లో ఒక ప్రసిద్ధ అమెరికన్ రచయిత్రి తన రాబోయే నవలను ప్రకటించిన కొద్ది రోజులకే వెనక్కి తీసుకున్నారు. కథ రష్యాలో జరుగుతుందన్న ఒక్క కారణంతో, యుద్ధం నడుస్తున్న సమయంలో, ఎవరూ చదవని ఆ పుస్తకానికి వందల కొద్దీ ఒంటి నక్షత్రాలు పడ్డాయి. యుద్ధంలో నలిగిపోతున్నవాళ్ల బాధ నిజమైనదే. అయినా రాయబడిన పేజీలను చదివే అవకాశం ఎవరికీ లేకుండా పోవడం సాహిత్యానికి మంచిది కాదు. ఎదురుచూసే హక్కు ఉన్నవాళ్లకు చదివి తిరస్కరించే హక్కూ ఉంది, కానీ అందులో చదవడం ముందు రావాలి.

వాయిదా పడిన తేదీల విషయంలోనూ ఇలాంటి ఓర్పే కావాలి. జార్జ్ ఆర్. ఆర్. మార్టిన్ ఫాంటసీ సిరీస్‌లో ఐదో నవల 2011లో వచ్చింది. ఆరో దాని కోసం అప్పుడు మొదలైన ఎదురుచూపులో ఒక తరం చదువు ముగించుకుని ఉద్యోగాల్లో స్థిరపడింది. రొమాన్స్‌లో అంత జాప్యం అరుదు, ఇక్కడ ఏడాదికి ఒకటో రెండో పుస్తకాలు రావాలని పాఠకులు, ప్రచురణకర్తలు ఇద్దరూ ఆశిస్తారు. ఆ వేగాన్ని అందుకోలేక అలసిపోయామని చెప్పుకున్న రచయిత్రులు తక్కువమందేమీ కాదు. తేదీ మారిందన్న ప్రకటన కింద కోపంగా రాసేవాళ్లు, ఆ అదనపు నెలల్లోనే తమకు ఇష్టమైన సన్నివేశం సరైన రూపానికి వస్తుందేమో ఒక్కసారి ఆలోచించాలి.

ఇష్టమైన రచయిత్రి కొత్త పుస్తకం రావడానికి ఇంకా ఏడెనిమిది నెలలు ఉన్నప్పుడు, ఆ వ్యవధిలో ఎవరూ పెద్దగా మాట్లాడని మొదటి నవలలు డజన్ల కొద్దీ వస్తుంటాయి. వాటికి పెద్ద పోస్టర్లు ఉండవు, ముందే ఏడ్పించే వీడియోలు ఉండవు. అలాంటి నవల పరిచయంలో అడ్డు నిజంగా ఆసక్తి కలిగిస్తే, కొనడానికి చేతిలో డబ్బు లేకపోయినా చేయగలిగింది ఉంది. చాలా లైబ్రరీలు విడుదలకు ముందే రిజర్వేషన్ తీసుకుంటాయి. ఒక పుస్తకానికి క్యూ పెరిగితే అదనపు కాపీలు తెప్పిస్తాయి. ఆ ఆర్డర్లు కూడా ప్రచురణకర్త లెక్కలోకి వెళ్తాయి, కొత్త రచయిత్రికి రెండో పుస్తకం ఒప్పందం ఇవ్వాలా వద్దా అని తేల్చుకునేటప్పుడు వాటినీ చూస్తారు.